మొక్కతోని రోగాన్ని గూడ కొంటున్నమా?

2024 ఆగస్టు 9 నాడు కేంద్ర క్యాబినెట్ ఒక స్కీంకు ఒప్పుకున్నది. దాని పేరు క్లీన్ ప్లాంట్ ప్రోగ్రాం. పెట్టిన పైసలు 1,765.67 కోట్లు. పండ్ల తోటలు పెట్టే రైతులకు రోగం లేని మొక్కలు అందియ్యాలె అన్నది దాని ఉద్దేశం. దేశం మొత్తం మీద 9 కేంద్రాలు పెడ్తమన్నరు. ద్రాక్షకు పుణె, దానిమ్మకు సోలాపూర్, మామిడికి బెంగళూరు, లక్నో. నిమ్మ జాతి తోటలకు రెండు జాగలు చెప్పిన్రు, ఒకటి నాగపూర్, ఇంకోటి బికనీర్. నల్లగొండ బత్తాయి, అనంతపురం చీనీ, గూడూరు నిమ్మ పండే మన రెండు రాష్ట్రాల పేరు ఆ లిస్టుల లేదు.

కేంద్రం ఎక్కడ పెట్టిన్రు అన్నది ఒక పంచాయితి. దానికన్న పెద్ద పంచాయితి ఇంకోటున్నది. ఇన్నేండ్ల సంది మనం పెట్టిన మొక్కలు ఏం మొక్కలు? సర్కారే ఇప్పుడు 'రోగం లేని మొక్కలు ఇస్తం' అంటున్నదంటె, ఇప్పటిదాంక అమ్మిన మొక్కలల్ల రోగమున్నవి గూడ ఉన్నయని ఒప్పుకున్నట్టే గదా. మరి ఆ మొక్కలు పెట్టి, బోర్లేసి, అయిదేండ్లు నీళ్లు పోసి, చెట్టు ఎండిపోయినంక మొద్దులు నరికి అమ్ముకున్న రైతు నష్టం ఎవరి ఖాతల రాయాలె? ఈ ప్రశ్న అడగాలంటె ముందుగాల చెట్టు ఎట్ల సస్తదో తెల్వాలె. ఎందుకంటె తోటల చెట్టు సచ్చినప్పుడు అందరు కలిసి రైతు మీదికే తోస్తరు. నీళ్లు సరిగ పెట్టలేదంటరు, ఎరువు ఎయ్యలేదంటరు, మందు లేటుగ కొట్టినవంటరు.

తినే పురుగు, అంటించే పురుగు

తోటల పురుగులు రెండు తీర్లు. ఒక తీరు పురుగు ఆకు తింటది, కాయ తొలుస్తది. దాని నష్టం కండ్లకు కనబడ్తది, మందు కొడితె ఆగుతది. రెండో తీరు పురుగు తినేది తక్కువ, అంటించేది ఎక్కువ. మన నెత్తురు తాగితె దోమకు దొరికేది ఒక్క చుక్క. కని ఆ చుక్కతోని అది మలేరియా ఇచ్చిపోతది. బత్తాయి, నిమ్మ తోటలల్ల దోమ లెక్క పనిచేసే పురుగులు ముఖ్యంగ రెండున్నయి. ఒకటి సిల్లా, రెండోది పేనుబంక.

సిల్లా గింతంత పురుగు. 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటది. మట్టిరంగు మచ్చల రెక్కలు. దాన్ని గుర్తుపట్టుడు కష్టం గాదు. ఆకు మీద కూసున్నప్పుడు తలకాయ కిందికి పెట్టి, ఎనుక భాగం పైకి లేపి, ఏటవాలుగ కూసుంటది. గుడ్లు మాత్రం లేత ఇగురు మీదనే పెడ్తది. ముదురాకు మీద పెట్టదు. ఒక ఆడ పురుగు తన బతుకుల 800 దాంక గుడ్లు పెట్టగలదు. పిల్ల పురుగులు నారింజ పసుపు రంగుల ఉండి, తెల్లటి మైనం పోగులు ఇడుస్తయి. ఇగుర్లు మెలి తిరిగి, తెల్లగ నూలు లెక్క కనబడితె పిల్లలున్నట్టే.

ఈ సిల్లా మోసేది గ్రీనింగ్ అనే రోగం. చైనోళ్లు దాన్ని 'పసుపు కొమ్మ రోగం' అని పిలుస్తరు. చెట్టు ఆకుల్ల తయారయిన తిండి వేర్లకు, కాయలకు పోయే సన్నటి గొట్టాలుంటయి. ఆ గొట్టాలల్ల ఒక బాక్టీరియా కాపురం పెడ్తది. గొట్టాలు మూసుకపోతయి. ఆకుల తిండి ఆకుల్నే ఉంటది, వేర్లు ఉపాసముంటయి. పైన చెట్టు పచ్చగ కనబడంగనే కింద సన్న వేర్లు సస్తుంటయి. రోగం సోకిన చెట్టు రసం పీల్చిన పిల్ల పురుగు, పెరిగి రెక్కలొచ్చినంక ఆ బాక్టీరియాను బతికున్నన్ని రోజులు మోస్తది. రెక్కలొచ్చిన సిల్లా కిలోమీటరుకు మించి గూడ పోగలదు. మన గట్టు దాటి పక్క తోటకు పోయెతందుకు దానికి ఎవరి పర్మిషన్ అక్కెర లేదు.

ఇంకో సంగతి ముఖ్యమయింది. రోగం సోకినంక చెట్టు మీద గుర్తులు కనబడెతందుకు కొన్ని నెలలు పడ్తది, ఒక్కోపారి ఏండ్లు గూడ పడ్తది. ఆ లోపట చెట్టు ఆరోగ్యంగనే కనబడ్తది. సిల్లా మాత్రం దాని కెల్లి రోగాన్ని తీసుకపోతనే ఉంటది. రైతు కంటికి మొదటి చెట్టు కనబడే నాటికి తోటల ఎన్ని చెట్లకు అంటుకున్నదో లెక్క తెల్వది.

ఆకు చూస్తె ఏమర్థమయితది?

నేను మునుగోడు, చండూరు, కనగల్ దిక్కు తోటలల్ల తిరిగినప్పుడు ఎక్కువ ఇన్న మాట ఒకటే: "ఆకు పసుపుకు తిరిగింది, జింకు కొట్టిన." పసుపు ఆకు తీస్కొని దుకాణానికి పోతె దుకాణపాయన గూడ అదే చెప్తడు. తప్పేం లేదు, జింకు లోపం మన నేలలల్ల ఉన్నదే. కని గ్రీనింగ్ గూడ పైపైన అట్లనే కనబడ్తది. ఫరక్ ఎక్కడున్నదంటె, జింకు లోపమయితె ఆకు నడిమి ఈనెకు రెండు దిక్కుల పసుపు ఒకే తీరుగ ఉంటది. అద్దంల చూసినట్టు ఎడమ పక్క ఎట్లుంటె కుడి పక్క అట్లనే. గ్రీనింగ్ అయితె మచ్చలు అడ్డదిడ్డంగ ఉంటయి. ఈనెకు ఒక దిక్కు ఒక తీరు, ఇంకో దిక్కు ఇంకో తీరు.

మొదట చెట్టు అంతా గాకుండ ఒక్క కొమ్మకే పసుపు వస్తది. కాయలు చిన్నగ, ఒక దిక్కు వొంగినట్టు వంకరగ అయితయి. పండినా అడుగు భాగం ఆకుపచ్చగనే ఉంటది. కోసి చూస్తె గింజలు తాలుపోయి ఉంటయి. ఇవన్ని కలిసి కనబడితె అనుమానపడాలె. అనుమానం తీర్చేది మాత్రం ల్యాబుల చేసే పీసీఆర్ పరీక్షే. కరోనప్పుడు ముక్కుల పుల్ల పెట్టి చేసిన్రు గదా, అదే తీరు పరీక్ష, ఆకు ఈనె మీద చేస్తరు. ఒక ఊరి రైతు తన ఆకును ఆ పరీక్షకు ఎక్కడియ్యాలె, ఎన్ని రోజులకు చెప్తరు, ఎంత కట్టాలె అని మండల ఆఫీసుల అడిగి చూడున్రి. సప్పుడు చెయ్యకుండ మొఖం చూస్తరు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. మన తోటలల్ల ఎండిన ప్రతి చెట్టు గ్రీనింగ్‌తోనే ఎండిందని నేను అంటలేను. వేరుకుళ్లు ఉన్నది, బంక తెగులు ఉన్నది, బోర్లు ఎండుడున్నది. ఒకే చెట్టుకు రెండు మూడు కలిసి గూడ వస్తయి. అందుకే పరీక్ష కావాలె అంటున్న. రోగం పేరు తెల్వకుండ మందు కొట్టుడంటె చీకట్ల రాయి ఇసిరినట్టే. తలిగేది రైతు జేబుకే.

నిమ్మకు ఇంకో దుఃఖం

నకిరేకల్ నిమ్మకైనా, గూడూరు నిమ్మకైనా ఇంకో శత్రువున్నది. అది ట్రిస్టెజా వైరస్. పోర్చుగీసు భాషల ఆ మాటకు దుఃఖం అని అర్థం. 1930లు, 40లల్ల బ్రెజిల్, అర్జెంటీనాలల్ల లక్షలకు లక్షల చెట్లు దీనితోనే సచ్చిపోయినయి. పుల్ల నారింజ వేరుమొక్క మీద కట్టిన అంటుచెట్లన్ని కూలినయి. దీన్ని పేనుబంక మోస్తదని 1946ల బ్రెజిల్‌ల తేల్చిన్రు.

మన కాగ్జి నిమ్మ ఈ వైరస్‌కు ఎంత లోకువ అంటె, ప్రపంచంల వేరే దేశాలల్ల ఒక చెట్టుకు ట్రిస్టెజా ఉన్నదో లేదో చూసెతందుకు దాని కన్ను తీసి ఈ జాతి నిమ్మ మొక్కకే అంటు కట్టి చూసెటోళ్లు. నిమ్మ మొక్క రోగపడితె ఆ చెట్టుకు రోగమున్నట్టు లెక్క. లేత ఆకును ఎండకు పట్టి చూస్తె ఈనెల ఎంబడి చిన్న చిన్న గాజు చుక్కలు లెక్క కనబడ్తయి. కొమ్మ బెరడు ఒలిచి చూస్తె కట్టె మీద గుంటలు పడి ఉంటయి.

సిల్లాకు, పేనుబంకకు ఒక తేడా ఉన్నది. సిల్లా రోగాన్ని బతుకంత మోస్తది. పేనుబంక ట్రిస్టెజాను ఒకటి రెండు రోజులు మాత్రమే మోస్తది. కని కొద్దిసేపు రసం పీలిస్తె చాలు వైరస్‌ను ఎక్కించుకుంటది, ఇంకో చెట్టు మీద వాలి దించుతది. అంటె మనం కొట్టిన మందుతోని పురుగు సచ్చే లోపట్నే అంటించుడు అయిపోతది. పేనుబంకను సంపినమని రైతు సంబురపడ్తడు, వైరస్ మాత్రం అప్పటికే చెట్టు ఎక్కి కూసున్నది.

ఇది కొత్త ముచ్చట గాదు

"ఇవన్ని కొత్త రోగాలు, సైంటిస్టులకే తెల్వది" అని ఎవరన్న అంటె నమ్మకున్రి. బ్రిటిషోళ్ల కాలంల పంజాబ్‌ల సిల్లా చేసే నష్టం మీద 1927లనే పుస్తకం అచ్చయింది. చైనాల లిన్ కుంగ్ షియాంగ్ అనే సైంటిస్టు ఈ రోగం అంటు కడితె సోకుతదని 1956ల చెప్పిండు. 1967ల మన పుణెల కపూర్, రావు, విశ్వనాథ్ అనే ముగ్గురు సైంటిస్టులు మన దేశంల గ్రీనింగ్‌ను సిల్లానే మోస్తున్నదని నిరూపించిన్రు.

1967 అంటె దగ్గర దగ్గర 60 ఏండ్లు. రోగం రెండు తొవ్వలల్ల వస్తదని అప్పటికే తెల్సు. ఒక తొవ్వ పురుగు, ఇంకో తొవ్వ అంటు. పురుగు తొవ్వ మీద దేశమంత మందుల దుకాణాలు లేసినయి. అంటు తొవ్వను మాత్రం తెరిచే ఇడిసిపెట్టిన్రు. ఎందుకంటె పురుగుమందు అమ్మితె కంపెనీకి లాభమున్నది. మంచి తల్లిచెట్టును కాపాడితె ఎవరికి లాభం? రైతుకొక్కనికే.

ఫ్లోరైడ్ తెల్సు, ఫ్లోరిడా తెల్వాలె

నల్లగొండోళ్లకు ఫ్లోరైడ్ గురించి ఎవరు చెప్పనక్కెర లేదు. ఇప్పుడు ఫ్లోరిడా గురించి గూడ తెల్సుకోవాలె. అమెరికాల నారింజ రసానికి పేరువడ్డ రాష్ట్రం అది. 1998ల అక్కడ సిల్లా పురుగు మొదటిపారి దొరికింది. రోగం దొరికింది 2005ల. నడుమ ఏడేండ్ల టైం ఉండె. ఆ ఏడేండ్లల్ల పురుగు రాష్ట్రమంత పాకింది. అది రెక్కలతోనే పోలేదు. ఇంటి ముందట అందానికి పెంచే కామిని మొక్కలు ఉంటయి గదా, అవి గూడ నిమ్మ కుటుంబమే. అసొంటి మొక్కలు కుండీలల్ల పెట్టి దుకాణం నుంచి దుకాణానికి లారీలల్ల పంపిన్రు. మొక్కతోని పురుగు గూడ టికెట్ లేకుండ ప్రయాణం చేసింది.

2003-04ల ఫ్లోరిడా 24 కోట్ల పెట్టెల నారింజ పండించింది. పెట్టె అంటె 40 కిలోల పైన. 2024-25 సీజన్‌ల పండింది సుమారు 1.2 కోట్ల పెట్టెలు. ఇరవై పెట్టెలు పండిన కాడ ఒక్క పెట్టె. నడుమ 2022ల, 2024ల పెద్ద తుఫాన్లు గూడ వచ్చినయి, అది నిజమే. కని చెట్టును ముందుగాల కుంగదీసింది గ్రీనింగే. 53 వేల ఎకరాల భూమి ఉన్న ఆలికో అనే పెద్ద కంపెనీ 2025 జనవరిల "ఇగ మేం నారింజ సాగు ఇడిసిపెడ్తున్నం" అని చెప్పింది. విమానాలతోని మందు కొట్టగలిగినోళ్లు, చెట్టు మొదట్ల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇయ్యగలిగినోళ్లు చేతులెత్తిన్రు. బ్యాంకు లోను మీద రెండెకరాల తోట పెట్టినోడు ఎంతకాలం నిలుస్తడు?

బ్రెజిల్‌ల రోగం 2004ల కనబడింది. వాళ్లు మొదటి సంది రోగం చెట్లను కొట్టేసుడు, నర్సరీలను వలల కింద పెట్టుడు కట్టుగ చేసిన్రు. అందుకే ఇంకా ప్రపంచంల నారింజ రసానికి వాళ్లే పెద్ద. అట్ల చేసినా గూడ 2024 సర్వేల వాళ్ల పెద్ద నారింజ పట్టీల 44 శాతం చెట్లకు రోగం గుర్తులు కనబడ్డయి. కాపలా కాసినోళ్ల గతే గట్లున్నది. కాపలా లేని మన గతి అర్థం చేసుకోవచ్చు.

కరివేపాకు కత

అమెరికా పోయే పిల్లల సూట్‌కేసుల తల్లి కరివేపాకు కట్ట పెడితె ఎయిర్‌పోర్టుల గుంజుకుంటరు. "ఆకుకు గూడ వీసా కావాల్నా" అని మనోళ్లు నవ్వుకుంటరు. కారణం సిల్లానే. కరివేపాకు చెట్టు గూడ నిమ్మ కుటుంబంలదే. దాని లేత ఇగురు మీద సిల్లా మంచిగ గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తది. ఒక ఆకు కట్టల గుడ్లు పోతె కాలిఫోర్నియా తోటలకు ముప్పని వాళ్ల భయం. అక్కడ రోగం మొదట దొరికింది గూడ పెద్ద తోటల గాదు, 2012ల లాస్ ఏంజిలెస్ పక్కన ఒక ఇంటి పెరట్ల చెట్టుకు.

వాళ్లు ఒక్క కట్టను ఆపుతున్నరు. మనం లారీలకు లారీలు బత్తాయి మొక్కలను ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపుతున్నం. తొవ్వల ఎక్కడ ఆపి ఆకు తిరగేసి చూసినోడు లేడు. ఇగ మన బత్తాయి తోట గట్టు మీదనే కరివేపాకు చెట్లుంటయి. వాటిని కొట్టెయ్యమని నేను చెప్తలేను. కరివేపాకుకు లేత ఇగురు వచ్చినప్పుడు ఒక కన్నేసి చూడున్రి. తోటల కన్న ముందుగాల పురుగు అక్కడ కనబడొచ్చు.

మన దోస్తు పురుగును మనమే సంపుతున్నం

సిల్లాకు ఒక శత్రువున్నది. కంటికి సరిగ ఆనని చిన్న కందిరీగ. పేరు టమరిక్సియా. సిల్లా పిల్ల కింద గుడ్డు పెడ్తది, అందుల కెల్లి వచ్చిన పురుగు సిల్లాను తింటది. దీన్ని సైంటిస్టులు మొదట గుర్తించి పేరు పెట్టింది 1922ల, అప్పటి ఉమ్మడి పంజాబ్‌ల దొరికిన పురుగుల మీద. 1978ల మన దేశం నుంచి దీన్ని రీయూనియన్ దీవికి తీస్కపోయి ఇడిస్తె అక్కడ సిల్లాను బాగ తగ్గించింది. తర్వాత కాలిఫోర్నియావోళ్లు పాకిస్తాన్ పంజాబ్ కెల్లి తీస్కపోయిన్రు. మన మట్టిల పుట్టిన దోస్తును వాళ్లు విమానంల తీస్కపోయి పెంచుకుంటున్నరు, మనం వారానికో మందు కొట్టి సంపుకుంటున్నం.

ఎందుకు సంపుతున్నం? రైతుకు సోకున్నదా? దీని ఎనుక లెక్కున్నది. మందు దుకాణంల ఉద్దెర ఉంటది. ఉద్దెర ఉన్నోడు దుకాణపాయన చెప్పిన డబ్బానే తీస్కోవాలె. ఊరికి సలహా చెప్పే హార్టికల్చర్ ఆఫీసరు ఒక్కడు ఎన్ని మండలాలు తిరుగుతడు? సర్కారు సలహా లేని కాడ దుకాణమే వ్యవసాయ యూనివర్సిటీ అయితది. రెండోది, తోట గుత్తకు పోతది. గుత్తకు పట్టిన వ్యాపారికి ఈ యేడు కాయ కావాలె. వచ్చే అయిదేండ్లకు చెట్టు ఉంటదా పోతదా అన్నది ఆయనకు అక్కెర లేదు. కాయ మెరవాలంటె మందు మీద మందు కొడ్తడు. దోస్తు పురుగు పోతది, తేనెటీగ పోతది, సిల్లా మాత్రం కొన్ని రోజులకు పక్క తోట కెల్లి మల్లొస్తది.

నర్సరీ కాడ తేలాల్సిన ముచ్చట

బత్తాయి అంటుమొక్క. ఒక వేరుమొక్క మీద తల్లిచెట్టు కన్ను తీసి కడ్తరు. తల్లిచెట్టుకు గ్రీనింగ్ ఉంటె, ట్రిస్టెజా ఉంటె, ఆ కన్నుతోని అది గూడ వస్తది. ఒక తల్లిచెట్టు కెల్లి వందల కండ్లు తీస్తరు. అంటె ఒక రోగం చెట్టు వందల తోటలకు పోతది. పురుగు ఎన్నేండ్లు ఎగిరినా అంత దూరం పోలేదు.

నిమ్మ సంగతి వేరు. మన దిక్కు నిమ్మను ఎక్కువ గింజతోని పెంచుతరు. ట్రిస్టెజా గింజల పోదు. అంటె గింజ మొలిచిన నాడు మొక్క శుద్ధంగనే ఉంటది. మరి రోగం ఎప్పుడొచ్చింది? నారుమడి ఆకాశం కింద తెరిచి ఉంటది, పక్కనే ముసలి నిమ్మ చెట్లుంటయి, పేనుబంక వచ్చి వాలుతది. అంటె పురుగు దూరని సన్న వల ఒకటి కట్టి, రెండు తలుపులు పెట్టి నారు పెంచితె ఆ రోగం చాన మట్టుకు ఆగుతది. ఇది రాకెట్ సైన్సేం గాదు. వల, పైపులు, జెర ఒళ్లు దగ్గర పెట్టుకొని పనిచేసుడు.

చట్టం లేదా అంటె ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంల 2010లనే పండ్ల నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం చేసిన్రు. రాష్ట్రం ఇడిపోయినంక రెండు దిక్కుల అది ఉన్నది. కని రిజిస్ట్రేషన్ కాయితం గోడకు ఏలాడితె మొక్కల రోగం పోదు. మొక్క కొన్నోనికి రసీదు ఇస్తున్నరా? ఆ రసీదు మీద తల్లిచెట్టు ఏది, వేరుమొక్క ఏది, ఎప్పుడు పరీక్ష చేసిన్రు అని రాసి ఉన్నదా? కిరాణ దుకాణంల బిస్కెట్ ప్యాకెట్ మీద తయారయిన తారీఖు ఉంటది. ఇరవై ఏండ్లు బతకాల్సిన చెట్టుకు ఏం రాసి ఉండదు.

ఇరవై అడుగుల దూరంల పెడితె ఎకరానికి 108 మొక్కలు పడ్తయి. కాపు రావాలంటె నాలుగైదేండ్లు. ఆ నాలుగైదేండ్లు రైతు పెట్టే గుంతలు, డ్రిప్పు, ఎరువు, కూలి, కరెంటు ముందట మొక్క ధర ఏమంత గాదు. కని ఆ చిన్న ధరల దాగిన మోసమే మొత్తం పెట్టుబడిని మింగుతది. అయిదేండ్లకు గుర్తులు బయటపడితె రైతు ఎవరిని పట్టుకోవాలె? రసీదు లేదు, నర్సరీ పేరు యాదిల ఉండదు, ఉన్నా "నీ తోటల పురుగుతోని వచ్చింది" అంటరు. కాదని నిరూపించుడు రైతు తరం గాదు.

క్లీన్ ప్లాంట్ ఎవరి దాంక వస్తది?

ఇప్పుడు మల్ల ఆ కేంద్రం స్కీం కాడికి వద్దాం. ఆలోచన మంచిది, దాన్ని కాదంటలేను. రోగం లేని లేత కొసను సూదంత తీసి అంటుకట్టి, ల్యాబుల పరీక్షించి తల్లిమొక్కలు తయారుచేసే పద్ధతి ప్రపంచంల 1970ల సంది ఉన్నది. దానికి పైసలు పెడ్తున్నరు, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 9.8 కోట్ల డాలర్ల అప్పు ఇస్తున్నది. అప్పు కట్టేది మనమే, కాబట్టి అడిగే హక్కు గూడ మనదే.

నాగపూర్‌ల తల్లిమొక్క తయారయితది. అక్కడి కెల్లి నర్సరీకి, నర్సరీ కెల్లి రైతుకు రావాలె. ఆ తొవ్వల పెద్ద నర్సరీలు వల ఇండ్లు కట్టుకుంటయి, సబ్సిడీ తీస్కుంటయి. పది గుంటలల్ల నారు పోసి బతికే చిన్న నర్సరీవోడు ఏం గావాలె? ఆయనకు సాయం చెయ్యకపోతె ఆయన పాత తీరుగనే దొంగచాటుగ అమ్ముతడు, పేద రైతు అగ్గువకు వస్తున్నదని అదే కొంటడు. 'శుద్ధమైన మొక్క' పైసలున్నోని తోటకు, రోగం మొక్క పేదోని తోటకు పోతది. సిల్లా మాత్రం ఇద్దరి తోటల నడుమ గట్టును చూడది. పేదోని తోటల రోగముంటె పైసలున్నోని కొత్త మొక్క గూడ ఆగదు. అందుకే ఈ విషయంల అందరి బాగు కోరకపోతె ఎవరి బాగు ఉండదు.

ఇంకో చిక్కున్నది. రోగం చెట్టును తీసి కాలబెట్టున్రి అని పుస్తకంల రాస్తరు. సగం కాయ కాస్తున్న చెట్టును ఏ రైతు పీకుతడు? కోళ్లకు బర్డ్ ఫ్లూ వస్తె సర్కారు సంపిన కోళ్లకు పరిహారం ఇస్తది. ఎందుకంటె పరిహారం లేకపోతె ఎవడు చెప్పడని దానికి ఎరుకే. మరి బత్తాయి చెట్టుకు ఎందుకియ్యరు? వాతావరణ బీమా వాన ఎంత పడ్డది, ఎండ ఎంత కొట్టింది అని కొలుస్తది. చెట్టు గొట్టాలల్ల ఏమున్నదో కొలువది. నల్లగొండకు బత్తాయి మార్కెట్, నకిరేకల్‌కు నిమ్మ మార్కెట్ కట్టిన్రు. అమ్మే జాగ కట్టినోళ్లు చెట్టును నిలబెట్టుడు గూడ చూడాలె గదా.

అడగాల్సినయి, చేసుకోవాల్సినయి

రెండు రాష్ట్రాల సర్కార్లను అడగాల్సినయి అయిదు ముచ్చట్లు. ఒకటి, కొండమల్లేపల్లి, తిరుపతి, పెట్లూరుల ఉన్న పరిశోధన కేంద్రాలల్ల రైతు ఆకు తెస్తె ఉత్తగ పీసీఆర్ పరీక్ష చేసి, చెప్పిన తారీఖుకు కాయితం ఇయ్యాలె. రెండు, నర్సరీల తల్లిచెట్లను యేటా పరీక్షించి, ఆ ఫలితాన్ని తెలుగుల నర్సరీ గేటు మీద అంటించాలె. మూడు, ప్రతి అంటుమొక్కకు రసీదు, దాని మీద తల్లిచెట్టు వివరం కట్టుగ ఉండాలె. నాలుగు, చిన్న నర్సరీలకు వల ఇల్లు కట్టుకునెతందుకు ముందుగాల పైసలియ్యాలె, బిల్లులు పెట్టినంక ఇస్తమంటె కుదురది. అయిదు, పరీక్షల రోగమని తేలిన చెట్టును తీసేస్తె పరిహారం, మల్ల పెట్టెతందుకు శుద్ధమైన మొక్క ఇయ్యాలె. కౌలుకు చేసెటోళ్లను, గిరిజన తండాల రైతులను ఇందుల ఇడిసిపెట్టొద్దు.

సర్కారు కదిలెదాంక మనం చేతులు కట్టుకొని కూసోవద్దు. నీళ్లు బందు పెట్టి మల్ల పెట్టినంక, వానలు పడ్డంక తోట ఇగురేస్తది. సిల్లా వచ్చేది అప్పుడే. ఆ రోజులల్ల తెల్ల కాయితం ఒకటి కొమ్మ కింద పట్టి, కట్టెతోని కొమ్మను మెల్లగ కొట్టి చూడున్రి. ఎన్ని పురుగులు రాలినయో లెక్క రాసుకోన్రి. పురుగు కనబడితెనే మందు గురించి ఆలోచించాలె, పూత మీద మాత్రం కొట్టొద్దు, తేనెటీగలు సస్తయి. అందుల గూడ ఒక్కడు కొడితె ఫాయిదా లేదు. ఇయ్యాల నేను, వచ్చే వారం నువ్వు అంటె పురుగు ఇటు కెల్లి అటు, అటు కెల్లి ఇటు తిరుగుతది. గట్టు కలిసిన రైతులు పది మంది ఒకే రెండు మూడు రోజులల్ల కలిసి చెయ్యాలె. దుక్కికి, నాటుకు బదులు పోయే అలవాటు మనకు కొత్తగాదు.

కొత్త మొక్కలు కొనేటప్పుడు నర్సరీ పక్కన ముసలి బత్తాయి, నిమ్మ తోటలున్నయా, నారు వల కింద ఉన్నదా, తల్లిచెట్టు చూపిస్తరా అని అడుగున్రి. చూపియ్యనోని కాడ అగ్గువకు వచ్చినా వద్దనున్రి. రసీదు రాపిచ్చుకొని పట్టా పాస్‌బుక్కుతోని పాటు పెట్టెల దాచున్రి.

వచ్చే వానకాలానికి మల్ల లారీలు వస్తయి. ఊరికి మొక్కల లారీ వచ్చిన నాడు పది మంది రైతులు చుట్టు నిలవడి "తల్లిచెట్టు పరీక్ష కాయితం ఏది?" అని అడిగితె, ఆ యేడు కాకపోయినా పై యేడు ఆ కాయితం తప్పకుండ వస్తది. అడగకపోతె మొక్కే వస్తది, దానితోని ఏం వస్తుందో అయిదేండ్లకు తెలుస్తది.